నడుము దెబ్బ నుంచి మళ్లీ బండ దాకా: స్ట్రాంగ్‌మన్ ట్రైనింగ్‌కి తిరిగి వచ్చే దారి

నా నడుము రెండుసార్లు దెబ్బతింది. మొదటిసారి వంద కిలోల ఇసుక బస్తా నేల మీంచి ఒడిలోకి లాక్కుంటున్నప్పుడు. రెండోసారి, నొప్పి పూర్తిగా పోయిందనుకుని ఐదో వారంలో అదే బస్తా దగ్గరికి వెళ్లినప్పుడు. మొదటి దెబ్బకి పది రోజులు సరిగ్గా కూర్చోలేకపోయాను. రెండో దెబ్బకి నొప్పి ఎడమ పిక్క దాకా దిగింది, ఆ కాలి చిటికెన వేలు మొద్దుబారింది. ఆ బస్తాని మళ్లీ భుజం మీదకి ఎత్తడానికి తొమ్మిది నెలలు పట్టింది.

మొదటిసారి నాకు తెలియనిది ఒక్కటే. నొప్పి తగ్గడం వేరు, బరువుకి తయారవడం వేరు. ఈ రెండింటికీ మధ్య కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు ఉంటాయి. చాలామంది సరిగ్గా అక్కడే మళ్లీ పడిపోతారు. అప్పటికి నడవగలం, బండి నడపగలం, ఆఫీసుకి వెళ్లగలం. కాబట్టి ఎత్తగలం అనుకుంటాం. ఆ కాలాన్ని ఎలా దాటాలో, స్ట్రాంగ్‌మన్‌లో (బస్తాలు, బండలు, టైర్లు లాంటి బరువులు ఎత్తే, మోసే, లాగే పోటీ) ఏ ఈవెంట్ ముందు, ఏది చివర అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. స్ట్రాంగ్‌మన్‌లో ఎక్కువగా చూసే నడుము దెబ్బనే ప్రధానంగా తీసుకున్నాను. మోచేయి, మోకాలు సంగతి చివర్లో కొంచెం ఉంది. నేను డాక్టర్ని కాదు. మీ ఫిజియోథెరపిస్ట్ చెప్పినదానికి, ఇక్కడ ఉన్నదానికి తేడా వస్తే ఆయన మాటే వినండి.

ముందు డాక్టర్, తర్వాతే బస్తా

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఇది చదవడం ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రం రాకుండా ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మల విసర్జన మీద పట్టు తప్పడం, తొడల మధ్య భాగంలో స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేవక చెప్పు జారిపోవడం, రెండు కాళ్లూ ఒకేసారి బలహీనపడటం. వెన్ను కింది భాగంలో నరాల కట్ట నలిగిపోతున్నప్పుడు ఇలా అవుతుంది. అప్పుడు ప్రతి గంటా విలువైనదే, తెల్లారాక చూద్దాం అనుకోకూడదు. నడుము నొప్పితో పాటు జ్వరం ఉన్నా, పడుకున్నా నొప్పి తగ్గక రాత్రంతా పెరుగుతూ ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించుకోండి.

ఇవేవీ లేకపోతే కంగారు అక్కర్లేదు. ఎమ్మారై రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ ఉబ్బడం) అని కనపడగానే జీవితం అయిపోయినట్టు టెన్షన్ పడేవాళ్లని చాలామందిని చూశాను. నొప్పి అసలు లేని మనుషులకి స్కాన్ తీసినా 20 ఏళ్ల వాళ్లలో దాదాపు 30 శాతం మందికి, 50 ఏళ్ల వాళ్లలో 60 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. బయటికి పొడుచుకొచ్చిన డిస్క్ ముక్క కూడా చాలామందిలో ఆపరేషన్ లేకుండానే నెమ్మదిగా కుంచించుకుపోతుంది. రిపోర్టు కన్నా మీ కాలు ఏం చెబుతోందో ముఖ్యం.

ఫిజియో దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఎన్నాళ్లు పడుతుంది’ అని ఒక్కటే అడిగి వచ్చేయకండి. ఏ కదలికకి నొప్పి కాల్లోకి దిగుతోంది? ఏ కదలికకి వెనక్కి తగ్గుతోంది? ఏ నరం నొక్కుకుంటోంది, దాని బలం నేను ఇంట్లో ఎలా పరీక్షించుకోవాలి? ఈ మూడూ అడగండి. నాకు మా ఫిజియో చూపించిన పరీక్ష ఒంటి కాలి మీద నిలబడి మడమ పైకి ఎత్తడం. కుడి కాలితో ఇరవై వచ్చాయి. ఎడమ కాలితో నాలుగోసారికే మడమ లేవలేదు. అంతకు ముందు రోజు వరకు ఆ కాలి బలం ఏమీ తగ్గలేదనే అనుకుంటున్నాను.

మన దగ్గర దెబ్బ అనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. అది ఎముక విరిగినవాళ్లు వెళ్లే చోటు. జారిన డిస్క్‌కి, తెగిన టెండన్‌కి (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) కట్టు పరిష్కారం కాదు. నడుము పట్టేస్తే ఎదురు కాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకునే అలవాటు కూడా మన పల్లెల్లో ఉంది. మా నానమ్మ కూడా నా మంచి కోరి అదే చెప్పింది. కండరం పట్టేస్తే ఎలాగూ నాలుగు రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. నరం నొక్కుకుని ఉన్నప్పుడు మాత్రం ఆ తన్ను ప్రమాదం. దయచేసి ఒప్పుకోకండి.

ఇంకో మాట. నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని బరువెత్తకండి. రాత్రి నిద్ర పట్టడానికి డాక్టర్ మాత్ర ఇస్తే వేసుకోండి. కానీ ప్రాక్టీసుకి ముందు నొప్పి తెలియకుండా చేసుకుంటే, ఈ దారిలో మీకు దిక్కు చూపించేదాన్నే పోగొట్టుకున్నట్టు.

మొదటి రెండు వారాలు: నడక, ఇంటి పనులు

మంచం మీద ఒకటి రెండు రోజులు చాలు. అంతకు మించి పడుకుంటే నడుము ఇంకా బిగుసుకుపోతుంది. రోజుకి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి పది నిమిషాల చొప్పున నడవండి. చేతులు ఊపుతూ, కొంచెం వేగంగా నడవాలి. కాళ్లీడ్చుకుంటూ నెమ్మదిగా నడిస్తే నాకు నొప్పి పెరిగేది.

ఈ దశలో దెబ్బ తీసేవి జిమ్‌లో బరువులు కావు, ఇంట్లో పనులు. బైక్‌కి సెంటర్ స్టాండ్ వేయడం, వాష్‌బేసిన్ మీద వంగి మొహం కడుక్కోవడం, నేల మీద కూర్చుని అన్నం తినడం, మంచం కింద చెప్పుల కోసం వంగడం. స్పీడ్ బ్రేకర్ దగ్గర బైక్ మీద ఎగిరిపడటం. నేల మీది టాయిలెట్ అయితే కొన్నాళ్లు పైన పెట్టుకునే స్టూల్ కొనుక్కోండి. పక్కకి తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి.

నిద్రలో డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున్న లేవగానే వంగితే వాటి మీద ఒత్తిడి మిగతా రోజు కన్నా ఎక్కువ పడుతుంది. లేచిన మొదటి గంట వంగే పనులేవీ పెట్టుకోకండి. తెల్లవారుజామున జిమ్‌కి వెళ్లే అలవాటున్న వాళ్లు కనీసం మూడు నెలలు ప్రాక్టీసు సాయంత్రానికి మార్చుకోవాలి. నేను చెప్పే జాగ్రత్తల్లో పైసా ఖర్చు లేనిది, అందరూ వదిలేసేది ఇదే.

నడుముని నిలబెట్టే మూడు కసరత్తులు

కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద దశాబ్దాల పాటు పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ పేరుతో ఈ మూడూ బాగా ప్రచారంలోకి వచ్చాయి. పవర్‌లిఫ్టర్లు, స్ట్రాంగ్‌మన్ ఆటగాళ్లు వీటిని మామూలు రోజుల్లో కూడా చేస్తారు.

మొదటిది: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవండి, రెండోది చాపండి. రెండు అరచేతులూ నడుము వంపు కింద పెట్టండి. ఆ వంపు చదును కాకూడదు. తల, భుజాలు కలిపి నేల నుంచి ఒక్క అంగుళం ఎత్తి పది సెకన్లు ఆపండి. పొట్ట బిగించి ఊపిరి మాత్రం తీసుకుంటూ ఉండాలి. రెండోది: పక్కకి తిరిగి మోచేయి మీద, మోకాళ్ల మీద ఆని తుంటి పైకి ఎత్తి ఆపడం. రెండు మూడు వారాల తర్వాత మోకాళ్ల బదులు పాదాల మీద ఆనొచ్చు. మూడోది: చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడి చెయ్యి ముందుకి, ఎడమ కాలు వెనక్కి చాచి పది సెకన్లు ఆపి మార్చుకోవడం. వీపు మీద నీళ్ల గ్లాసు పెట్టినా ఒలకనంత స్థిరంగా ఉండాలి.

ఒక్కో దానికి ఆరు, తర్వాత నాలుగు, తర్వాత రెండు సార్లు. ప్రతిసారీ పది సెకన్లే. ఎక్కువ సేపు పట్టి ఉంచడం కన్నా చిన్న చిన్న పట్టులు ఎక్కువసార్లు వేయడం మంచిది. అలసటతో ఆకారం చెడకుండా ఓపిక పెరుగుతుంది. రోజూ చెయ్యండి, ప్రాక్టీసు ఉన్న రోజు వేడెక్కడానికి ముందు ఇవే చెయ్యండి.

నొప్పిని కొలవడం నేర్చుకోండి

ఒక నోట్‌బుక్ కొనుక్కోండి. ప్రాక్టీసుకి ముందు, మధ్యలో, ఆ రాత్రి, మర్నాడు పొద్దున్న అని నాలుగు గళ్లు గీసి సున్నా నుంచి పది వరకు నొప్పికి ఒక అంకె వేయండి. ప్రాక్టీసులో మూడు దాటకుండా, మర్నాటికి మామూలు స్థాయికి దిగిపోతే వేసిన బరువు సరైనదే. నాలుగు, ఐదుకి వెళ్తే ఆ రోజుకి ఆపేసి, తర్వాతిసారి బరువు తగ్గించాలి. సున్నా నొప్పి వచ్చేదాకా ఏమీ ఎత్తను అనుకోవడం కూడా తప్పే. కాస్త ఒత్తిడి పడితేనే కండరం, టెండన్ గట్టిపడతాయి.

అంకె కన్నా ముఖ్యమైనది నొప్పి ఎక్కడ ఉందన్నది. పిక్కలో ఉన్నది తొడకి, తొడలోది నడుముకి వెనక్కి వస్తుంటే మంచి సూచన. ఆ సమయంలో నడుములో నొప్పి కాస్త పెరిగినట్టు అనిపించినా ఫరవాలేదు. అదే నడుములోది కాల్లోకి దిగుతుంటే, అంకె రెండే ఉన్నా ఆ పని ఆపేయాలి. నేను ఐదో వారంలో చూడనిది ఇదే. నడుము నొప్పి లేదు నిజమే. కాలి చిటికెన వేలు మూడు రోజులుగా జివ్వుమంటోంది, చెప్పు కరిచిందనుకున్నాను.

ఈవెంట్లు ఏ వరసలో తిరిగి రావాలి

మార్గమంతా ఇక్కడే ఉంది. స్ట్రాంగ్‌మన్ ఈవెంట్లన్నీ నడుముని ఒకే రకంగా పరీక్షించవు. కొన్ని నిటారుగా ఉన్న నడుము మీద బరువు పెడతాయి, కొన్ని వంగిన నడుము మీద. నిటారువి ముందు, వంగేవి చివర. బరువు ఎంత అన్నది రెండో ప్రశ్న.

*లాగుడుతో మొదలుపెట్టండి.* మామూలు వేగంతో అరగంట నడిచినా నొప్పి పెరగకుండా ఉంటే స్లెడ్ (బరువులు పెట్టి నేల మీద ఈడ్చే చట్రం) లాగొచ్చు. స్లెడ్ లేకపోతే పాత కారు టైరుకి తాడు కట్టి, తాడు రెండో కొసని నడుము బెల్టుకి బిగించుకుని, టైరులో ఇసుక సంచి పెట్టి లాగండి. ఇందులో బరువుని కిందకి దించే పని ఉండదు. కండరం సాగుతూ బరువు మోయాల్సిన అవసరం లేదు కాబట్టి మర్నాడు ఒళ్లు నొప్పులు బాగా తక్కువ. కాళ్లకి, ఊపిరికి మాత్రం మంచి పని పడుతుంది. ఇరవై మీటర్లు ముందుకి, ఇరవై వెనక్కి, ఆరు సార్లు, వారానికి మూడు రోజులు. వీరఘట్టం బిడ్డ కోడి రామ్మూర్తి గొలుసులతో కార్లని ఆపిన కథలు విని పెరిగిన ఉత్తరాంధ్ర వాడిని. లాగే పనిలోనే నాకు మొదట ధైర్యం తిరిగొచ్చింది.

*తర్వాత ఒంటి చేతి మోత.* పిడి ఉన్న ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి తీసుకోండి. లీటరు నీళ్లంటే కిలో, అంతకన్నా సులువైన తూకం లేదు. కానీ సగం నింపిన నీళ్లు లోపల ఊగుతాయి, ఆ ఊపు నడుముని పక్కకి లాగుతుంది. అందుకని మొదట్లో ఇసుక పోసి తూచుకుని వాడండి. ఊగే నీళ్లు తర్వాత, నడుము గట్టిపడ్డాక కావాలనే పెట్టుకునే పరీక్ష. పది కిలోలతో కుడి చేత్తో ఇరవై మీటర్లు, ఎడమ చేత్తో ఇరవై మీటర్లు. బరువు కుడి చేతిలో ఉంటే ఎడమ పక్క నడుము కండరం పట్టి ఉంచాలి. అద్దంలోనో ఫోన్ వీడియోలోనో చూసుకోండి. భుజం ఒక పక్కకి వాలిందంటే బరువు ఎక్కువైనట్టే.

క్యాన్ నేల మీంచి ఎత్తకండి. రెండు వరసల ఇటుకల మీదో, మెట్టు మీదో పెట్టి, పిడి మోకాలి ఎత్తుకి వచ్చేలా చూసుకోండి. దించేటప్పుడు కూడా అక్కడికే దించాలి. మోతలో దెబ్బ తినేవాళ్లు దాదాపుగా నడకలో తినరు, దించేటప్పుడు తింటారు. గీత దాటేశాం అన్న ఊపులో పొట్ట వదులుగా వదిలేసి పక్కకి పడేస్తారు.

ఒక చేత్తో మీ శరీర బరువులో పావు వంతు ఇబ్బంది లేకుండా మోయగలిగితే, రెండు చేతుల్లో చెరో బరువు పట్టుకుని నడిచే ఫార్మర్స్ వాక్‌కి రండి. దెబ్బకి ముందు మోసిన బరువులో సగంతో మొదలుపెట్టండి.

*లాగ్ ప్రెస్, కానీ స్టాండ్ మీంచి.* లాగ్ అంటే పిడులున్న దుంగ, దాన్ని తల పైకి తోయడమే లాగ్ ప్రెస్. భుజాల బలం పోకుండా ఇది కాపాడుతుంది. నేల మీంచి లాగ్‌ని ఒడిలోకి లాగి ఛాతీ మీదకి దొర్లించడం ఇప్పుడే వద్దు, అది వంగే పని. ఛాతీ ఎత్తులో స్టాండ్ మీంచి తీసుకుని పైకి తోయండి. వెనక్కి వాలి విల్లులా వంగే అలవాటు చాలామందికి ఉంటుంది. పిరుదులు బిగించి, పక్కటెముకలు కిందకి లాగి పట్టుకుంటే ఆ వంపు రాదు. వాలకుండా ఎత్తలేని బరువు ఈ మూడు నెలలు మీది కాదు.

*డెడ్‌లిఫ్ట్, ఎత్తు మీంచి.* డెడ్‌లిఫ్ట్ అంటే బరువుల బార్‌ని వంగి పట్టుకుని నిటారుగా లేవడం. బార్ నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా దిమ్మలు పేర్చండి. స్ట్రాంగ్‌మన్‌లో 18 అంగుళాల డెడ్‌లిఫ్ట్ ఎలాగూ ఒక ఈవెంటే, కాబట్టి ఇది వృథా పని కాదు. ఐదేసి సార్లు మూడు విడతలు. ప్రతి విడత చివర ఇంకో మూడుసార్లు ఎత్తగలను అనిపించేటప్పుడే ఆపాలి. రెండు వారాలకి ఒకసారి ఐదు సెంటీమీటర్లు దించండి, దించిన వారం బరువు పెంచకండి. నేల దాకా రావడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి నోట్‌బుక్‌లో ఐదు అంకె పడింది, ఒక దిమ్మ మళ్లీ ఎక్కించాను.

*యోక్.* భుజాల మీద మోస్తూ నడిచే బరువుల చట్రం ఇది. ఫార్మర్స్ వాక్ పాత బరువులో ముప్పావు వంతుకి చేరేదాకా దీని జోలికి పోవద్దు. భుజాల మీది బరువంతా నిలువుగా వెన్ను మీదకి దిగుతుంది, పైగా ప్రతి అడుగుకీ ఒంటి కాలి మీద నిలబడాలి. అడ్డబార్ ఎత్తుని మీరు ఐదారు సెంటీమీటర్లు లేస్తే చాలు బరువు నేల వదిలేలా పెట్టుకోండి. చిన్న అడుగులు, పది మీటర్లు, ఆగడం, మళ్లీ పది. యోక్ ఊగడం మొదలైతే పరిగెత్తి దాన్ని అందుకోవాలని చూడకండి, దించేయండి.

*ఇసుక బస్తా.* నేను రెండుసార్లు పడింది ఇక్కడే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

బస్తాకి పిడి ఉండదు. చేతులు కిందికి దూర్చాలంటే వీపు గుండ్రంగా వంగాల్సిందే. వీపు వంగడమే నేరం అనుకునేవాణ్ని. నిజానికి ముప్పు వంపులో లేదు, బరువు మీద ఉండగా ఆ వంపు మారడంలో ఉంది. బస్తా చుట్టూ ఒక ఆకారంలో వీపుని బిగించాక, ఒడిలోకి వచ్చేదాకా ఆ ఆకారం అలాగే ఉండాలి. కదలాల్సింది తుంటి, మోకాళ్లు. నా పాత వీడియోలు నెమ్మదిగా తిప్పి చూస్తే, బస్తా నేల వదిలిన క్షణంలో నా నడుము ఇంకో రెండు వేళ్ల మేర కుంగడం స్పష్టంగా కనిపించింది. పొట్టలోకి గాలి తీసుకోకముందే లాగుతున్నాను.

అందుకని ఇలా విడగొట్టుకున్నాను. మొదటి మూడు వారాలు పాతిక కిలోల బియ్యం బస్తా, అదీ స్టూల్ మీంచి. దగ్గరగా వెళ్లి, పాదాలు బస్తాకి రెండు పక్కలా పెట్టి, ముందు కౌగిలించుకుంటాను. అప్పుడు గాలి తీసుకుంటాను. గోనె గరుకు మోచేతుల లోపలి చర్మానికి గుచ్చుకునేదాకా బిగించి, వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయో లేదో చూసుకుని, రెండు సెకన్లు ఆగుతాను. ఆ రెండు సెకన్లలో బస్తా ఇంకా కదలదు కానీ నడుము బరువుని అందుకుంటుంది. ఆ తర్వాతే లేస్తాను. భుజం మీదకి వెళ్లను, ఛాతీకి హత్తుకుని ఇరవై మీటర్లు నడిచి మళ్లీ స్టూల్ మీదే దించుతాను.

మూడు వారాల తర్వాత స్టూల్ బదులు రెండు టైర్లు, తర్వాత ఒక టైరు, తర్వాత నేల. నేలకి వచ్చాక బస్తాని ఒడిలోకి తెచ్చి కూర్చున్నట్టు ఆగడం, మళ్లీ ఊపిరి తీసుకోవడం, అప్పుడు తుంటి ముందుకి తోసి ఛాతీకి, చివరికి భుజానికి. ఆంధ్రలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. మార్కెట్ యార్డులో హమాలీలు దాన్ని రోజంతా మోస్తారు. ఒక్కరే వంగి నేల మీంచి లాక్కోరు, ఇద్దరు పట్టి ఎత్తితే మూడో మనిషి వంగకుండా వీపు మీదకి అందుకుంటాడు. యార్డులో ఒక పెద్దాయన్ని అడిగితే, “నడుం ఒక్కటే బాబూ, బస్తాలు రోజూ వస్తాయి” అన్నాడు.

*టైరు దొర్లించడం* బస్తా తర్వాత. అరచేతులు పైకి తిప్పి మోచేతులు మడిచి లాగితే మోచేతి దగ్గర బైసెప్స్ టెండన్ తెగే ప్రమాదం ఉంది. చేతులు చాచి, ఛాతీ టైరుకి ఆనించి, ముందుకి తోసుకుంటూ లేవాలి. టైరుని పైకి ఎత్తుతున్నాం అనుకోకండి, ముందుకి నెడుతున్నాం అనుకోండి.

*బండ అన్నిటికన్నా చివర.* అట్లాస్ స్టోన్ గుండ్రని కాంక్రీటు బండ. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎత్తే సంగిడి రాళ్లైనా అంతే, వంగి నేల దగ్గర మొదలుపెట్టాల్సిందే, నున్నటి రాయి బస్తాలా చేతులకి సర్దుకోదు. మొదట మోకాలెత్తు టైరు మీద బండ పెట్టి అక్కడి నుంచి ఒడిలోకి, ఒడి నుంచి దిమ్మ మీదకి. నేల మీంచి ఎత్తే ముందు రెండు షరతులు పెట్టుకోండి. బండకి సమానమైన ఇసుక బస్తాని నేల మీంచి నాలుగు వారాలు నొప్పి లేకుండా ఎత్తి ఉండాలి. రెండు కాళ్ల మడమల పరీక్షలో తేడా రెండు మూడుకి మించకూడదు. ఈ రెండూ కుదరకపోతే క్యాలెండర్ ఏం చెప్పినా ఆగండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి

బరువు, దూరం, ఎత్తు, వేగం, విరామం. వారానికి వీటిలో ఒక్కటే మారాలి. రెండు మారిస్తే నొప్పి వచ్చినప్పుడు ఏది కారణమో తెలీదు. బరువు పెంచితే ఐదు శాతం, బాగా తేలికగా ఉంటే పది. ప్రతి నాలుగో వారం మొత్తం పని సగానికి తగ్గించండి, బాగున్నా సరే తగ్గించండి. కండరం వారాల్లో తిరిగొస్తుంది, పాత బలం గుర్తుపెట్టుకున్నట్టే వచ్చేస్తుంది. టెండన్ అంత తొందరగా గట్టిపడదు. అందుకే ‘ఇవాళ భలే ఉంది’ అనిపించే రోజే ఎక్కువ జాగ్రత్త అవసరం.

పదో వారంలో నా ప్రాక్టీసు ఇలా ఉండేది. సోమవారం ఎత్తు మీంచి డెడ్‌లిఫ్ట్, తర్వాత స్లెడ్. బుధవారం స్టాండ్ మీంచి లాగ్ ప్రెస్, ఒంటి చేతి మోత. శనివారం ఫార్మర్స్ వాక్, స్టూల్ మీంచి బస్తా. మిగతా రోజులు నడక, మూడు కసరత్తులు. వరసగా రెండు రోజులు నడుముకి బరువు పెట్టలేదు. బెల్టు కట్టాను కానీ మొదటి విడతలకి కాదు. బెల్టు లేకుండా పొట్ట బిగించడం రాని వాళ్లకి బెల్టు నేర్పదు.

తిండి సంగతి క్లుప్తంగా: ప్రాక్టీసు తగ్గిందని తిండి కోసేయకండి. శరీర బరువులో కిలోకి రోజుకి సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్ అందాలి. 80 కిలోల మనిషికి 130 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయి, కాబట్టి ఒకటి రెండు గుడ్లు, కాస్త పప్పు, పెరుగు మీదే ఆధారపడితే సరిపోదు, లెక్క వేసుకోండి.

నడుము కాక వేరే దెబ్బ అయితే

మోచేతి ముందు ‘టప్’మన్న శబ్దం వచ్చి బైసెప్స్ పైకి ముడుచుకుపోతే టెండన్ తెగి ఉండొచ్చు. ఆపరేషన్ అవసరమైతే మొదటి రెండు మూడు వారాల్లో చేయించుకోవడం తేలిక, ఆలస్యమైతే టెండన్ కుంచించుకుపోయి కష్టమవుతుంది. నొప్పి తగ్గిందని ఊరుకోకండి. తిరిగి వచ్చేటప్పుడు టైరు, ఒక చెయ్యి తిప్పి పట్టుకునే డెడ్‌లిఫ్ట్ చివరికి పెట్టుకోండి. స్లెడ్, భుజాల మీది యోక్ ముందే రావచ్చు. మోకాలికి వెనక్కి నడుస్తూ స్లెడ్ లాగడం కన్నా మంచి మొదలు నాకు తెలీదు.

మోకాళ్ల మాట వచ్చింది కాబట్టి. 2001లో జాంబియాలో జరిగిన వరల్డ్స్ స్ట్రాంగెస్ట్ మన్ పోటీలో లిథువేనియాకి చెందిన జీద్రూనస్ సవిట్స్కస్ కోనన్స్ వీల్ (ఒక ఇరుసు చుట్టూ గుండ్రంగా తిరుగుతూ మోసే బరువు) మోస్తూ జారి రెండు మోకాళ్ల టెండన్లూ తెంచుకున్నాడు. మరుసటి ఏడాది అదే పోటీలో రెండో స్థానంలో నిలిచాడు. ఈ కథని అందరూ అక్కడే ఆపేస్తారు, ఏడాదిలో తిరిగొచ్చాడని. అతను ఆ టైటిల్ మొదటిసారి గెలిచింది 2009లో, దెబ్బ తగిలిన ఎనిమిదేళ్లకి. తర్వాత 2010, 2012, 2014లలో మళ్లీ గెలిచాడు. నాకు ధైర్యం ఇచ్చింది ఆ ఏడాది కాదు, తర్వాతి పన్నెండేళ్లు.

పోటీకి పేరు ఇచ్చే ముందు

పోటీలో ఉండే ప్రతి ఈవెంట్‌ని, అక్కడి బరువులో తొంభై శాతంతో కనీసం రెండుసార్లు, వేర్వేరు వారాల్లో, మర్నాడు నొప్పి పెరగకుండా చేసి ఉండాలి. ఒకే రోజు మూడు ఈవెంట్లు వరసగా చేసి కూడా చూసుకోవాలి. పోటీలో అలసిన నడుముతోనే చివరి బండ ఎత్తాలి, ప్రాక్టీసులో ఎప్పుడూ తాజాగా ఉన్న నడుముతోనే ఎత్తి ఉంటాం. కింది బరువుల విభాగం ఉంటే మొదటి పోటీకి అందులోనే దిగండి.

ఏ ఈవెంట్ వదిలేస్తారో ఇంట్లోనే నిర్ణయించుకుని వెళ్లండి. ఒక ఈవెంట్‌లో సున్నా వచ్చినా మిగతావాటిలో పాయింట్లు వస్తాయి. అక్కడికి వెళ్లాక, జనం కేకల మధ్య నిర్ణయించుకోవడం ఎవరి వల్లా కాదు. నా వెంట వచ్చిన తమ్ముడికి ముందే చెప్పి ఉంచాను: “నేను ఎంత బతిమాలినా బండ దగ్గరికి వెళ్లనివ్వకు.” నాలుగు ఈవెంట్లు చేశాను. ఐదోది బండ. వాడు నా బెల్టు విప్పి తన సంచిలో పెట్టేసుకున్నాడు.

పోటీ మర్నాడు పొద్దున్న మొదటి గంట వంగకండి. అరగంట నడవండి. తర్వాత గోడ పట్టుకుని ఒంటి కాలి మీద నిలబడి మడమ ఎత్తి లెక్కపెట్టండి, ముందు బాగున్న కాలు, తర్వాత దెబ్బ తగిలిన కాలు. ఆ రెండు అంకెలూ నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాతి వారం ఏం ఎత్తాలో వాటిని చూసి నిర్ణయించుకోండి.